తెల్లబడ్డ బెల్లం

“గేటు తీసిపెట్టింది నువ్వే బిడ్డా. నాకు వేరే ముచ్చట చెప్పకు,” అంది మొగులమ్మ.

“బ్యాగు లోపట పెట్టొచ్చి గొళ్ళెం పెడదామనుకున్న అమ్మా. గంతట్లనే ఉరికింది,” అంది నిరోషా.

ఆమె వికారాబాద్ నుంచి తాండూరులోని పుట్టింటికి వచ్చి అరగంట కూడా కాలేదు. ఆ అరగంటలోనే తల్లి పెంచుకుంటున్న కుక్క మాయమైంది. దాని పేరు బెల్లం. రంగు చూసి పెట్టిన పేరు.

మధ్యాహ్నం పన్నెండు. తారు రోడ్డుకు చెప్పులు అంటుకుపోయే ఎండ.

“పోయేటోళ్లు గేటు దాటినంక ఒక్కపారన్న ఎనకకు సూస్తరు. అది సూడనే లేదు.” మొగులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “గీ ఎండల నాలుక ఎల్లబెట్టుకొని యాడ పడ్డదో. దొరికేదాక నేను మంచినీళ్లు ముట్ట.”

“నీకు వడదెబ్బ తాకితే కుక్క వచ్చి గ్లూకోజు ఎక్కిస్తదా?”

“ఎక్కియ్యదు. కానీ నా పక్కన కూసుంటది. నువ్వు సాయంత్రం బండికి పోతవు.”

నిరోషా గొడుగు తీసి, తల్లిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

వీధి చివర నాపరాళ్ళను పాలిష్ పట్టే షెడ్డు ఉంది. మిషన్ల కింద నుంచి పారే నీళ్ళు రాతిపొడితో కలిసి, షెడ్డు నీడలో ఉన్న గుంటలోకి చేరతాయి. ఎంత ఎండైనా ఆ బురద చల్లగానే ఉంటుంది. అక్కడ పనిచేసే యాసీన్ వీళ్ళను చూడగానే నవ్వాడు.

“కుక్క కోసమా అమ్మా? ఎండలు ముదిరినకాంచి గల్లీల కుక్కలన్నీ మా దగ్గర్నే డ్యూటీ చేస్తున్నయి. ఇప్పుడైతే రెండున్నయి. జర సూస్కొని తీస్కపోండ్రి.”

గుంటలో రెండు కుక్కలు హాయిగా పడుకుని ఉన్నాయి. ముక్కు నుంచి తోక దాకా రెండింటికీ తెల్లటి బురద. సున్నం కొట్టిన గోడల్లా ఒకదానికొకటి తేడా లేదు.

“మనది ఏదే అమ్మా?”

“నా కుక్క నాకు తెల్వదా?” మొగులమ్మ వంగి, “బెల్లం” అని పిలిచింది. రెండూ కళ్ళు తెరవలేదు. ఒకటి మాత్రం చెవి కదిలించింది. “అగో, గదే.”

చెవి మీద ఈగ వాలినట్టు నిరోషాకు అనిపించింది. కానీ గేటు తీసిపెట్టిన మనిషి కాబట్టి ఊరుకుంది.

తాడు కట్టి లాగితే కుక్క నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టింది. చివరికి నిరోషా ఎత్తుకోవలసి వచ్చింది. ఇల్లు చేరేసరికి ఆమె కొత్త చుడీదార్ మీద బురద ఎండి పెళ్ళలు కట్టింది.

“గిది గింత బరువు ఎప్పుడైందమ్మా?”

“బురద బరువు. నడువు.”

వెంటనే కడుగుదామంటే పైన ట్యాంకులో నీళ్ళు సలసల కాగుతున్నాయి. “గా నీళ్లు పోస్తే దాని తోలు ఊడొస్తది. పొద్దు గూకనియ్యి,” అని మొగులమ్మ తడిగుడ్డతో దాని కళ్ళు, ముక్కు తుడిచింది. తడి గోనెసంచి మీద పడుకోబెట్టి, కూలర్‌ను దాని వైపు తిప్పింది. నిరోషా అట్టముక్కతో విసురుకుంటూ కూర్చుంది.

పెరుగన్నం పెడితే కుక్క వాసన చూసి మొహం తిప్పుకుంది.

“అలిగింది,” అంది మొగులమ్మ. “నువ్వు గేటు మూయలేదని.”

“నా మీద అలిగితే నీ అన్నం ఎందుకు తినదు?”

“అయితే వడదెబ్బకు యాది మర్చింది. ఫికర్ లేదు. అన్నీ మల్ల నేనే చెప్త.”

నిజంగానే మధ్యాహ్నమంతా చెప్పింది. కుల్కచర్ల నుంచి బస్సులో, సంచిలో దాచి తెచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టింది. ఎవరెవరి చెప్పులు కొరికిందో, ఏ హోటల్ ముందు బన్ను ఎత్తుకొచ్చిందో ఒకటీ వదలలేదు. కుక్క మర్యాదగా కాసేపు విని నిద్రపోయింది.

ఆరు దాటాక పెరట్లో బకెట్ పెట్టారు. మొదటి మగ్గు పోస్తే తెల్లటి నీళ్ళు కారాయి. రెండో మగ్గుకు బూడిద రంగు నీళ్ళు. మూడో మగ్గుకు వీపు మీద నలుపు తేలింది.

“ఇంకా మురికున్నది. గట్టిగ రుద్దు,” అంది మొగులమ్మ.

నిరోషా గట్టిగా రుద్దింది. కుక్క ఇంకా నల్లగా నిగనిగలాడింది. ఒళ్ళు విదిలించుకుని, ఇద్దరి మొహాల మీదా నీళ్ళు కొట్టి, తోక ఊపింది.

మొగులమ్మ మగ్గు పక్కన పెట్టి, వంగి దాని మొహంలోకి చూసింది. “ఎవరింటిదానివే నువ్వు?”

నిరోషా తల్లి ఫోన్ తీసుకుని పరుగున వీధి గడప దగ్గరికి వెళ్ళి, షెడ్డుకు కలిపి స్పీకర్ పెట్టింది. వెనకే మొగులమ్మ వచ్చి నిలబడింది.

“గా రెండోదా?” అన్నాడు యాసీన్. “మీరు అటు పోంగనే ఒకామె వచ్చింది. ఎండకు మొఖం నిండ కొంగు కప్పుకున్నది, ఎవరో తెల్వదు. నాదే అని ఎత్తుకపోయింది.”

మొగులమ్మ గడప మీద కూర్చుంది.

“కండ్ల ముంగటున్నదాన్ని ఇడిసిపెట్టి వచ్చిన బిడ్డా. నేను పరాయిదాన్ని తోల్కపోవుడు అది గుంటలకెంచి సూసే ఉంటది. ఇగ నా మొఖం సూస్తదా?”

నిరోషా తల్లి పక్కన కూర్చుంది. “నేను ఇయ్యాల బండికి పోనమ్మా. ఇల్లిల్లు తిరుగుదాం. ముందుగాల నువ్వు గిన్ని నీళ్లు తాగు.”

అంతలో గేటు చప్పుడైంది. వెనక గల్లీలో ఉండే నాగరాణి చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. మోచేతుల దాకా నురగ.

“అక్కా, ఒక సబ్బు ఉంటే ఇయ్యి. రెండు సబ్బులు అరిగిపోయినయి గాని, మా నల్లకుక్కను ఎంత రుద్దినా బెల్లం రంగే తేలుతున్నది.”