చెరిపినా పోని పేర్లు

"పేషెంట్ల పేర్లన్నీ సెరిపేసినానండి. ఇంక పట్టుకెళ్లొచ్చు," అంది మిషన్ ఆసుపత్రి గుమస్తా కరుణకుమారి.

ఆసుపత్రి అమ్మేసిన పాత కంప్యూటర్ కోసం నర్సీపట్నం వచ్చిన మెకానిక్ జ్ఞానరాజు నవ్వాడు. "సెరిపితే పోవు మేడమ్. డిస్కులోనే ఉంటాయి. సూడండి."

మీటలు నొక్కాడు. పేర్లు ఒక్కొక్కటే తెరమీదికి తిరిగొచ్చాయి.

ఆమె ముఖం పాలిపోయింది. "ఆపేయండి. కుష్టు మందుకని ఊళ్లో తెలీకుండా వచ్చినోళ్లండి. తెలిస్తే బతకనిస్తారేటి?"

అతని చెయ్యి అప్పటికే ఆగిపోయింది. తెరమీద ఒక పేరు: సువర్ణమ్మ, రోలుగుంట. మూడేళ్లుగా మందు.

"ఎవరండీ?"

"మా అమ్మ."

రెండేళ్ల మనవణ్ణి ఒక్కసారీ ఎత్తుకోలేదని అతను అమ్మతో మాటలు మానేశాడు.

జ్ఞానరాజు కంప్యూటర్ విప్పి, డిస్కు పెట్టె తెరిచాడు. లోపలి గుండ్రటి రేకులను స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ గట్టిగా గీశాడు.

"డిస్కు పాడైపోయిందంటే, దీన్ని కొన్న మీ షాపు ఓనరు ఊరుకుంటారేటండీ?"

"నేను సెప్పుకుంటాను." ఒక్క పేరూ మిగలదని తేలాకే చెయ్యి ఆపాడు.

"రోలుగుంట బస్సు ఎన్నింటికి మేడమ్?"