ఉప్పుకాళ్ళోళ్ళు

"దుంగ! దుంగ వస్తోంది!" అని అరుస్తూ ద్వీపంలోని ఉడుతలన్నీ ఒడ్డుకు పరుగెత్తాయి. మహాసముద్రం మీద తేలి వస్తున్న ఆ దుంగ నిండా తడిసి ముద్దయిన ఎలుకలు!

"ఉప్పుకాళ్ళోళ్ళు! దిగనివ్వకండి! మన జామతోట ఊడ్చేస్తారు!" అంటూ చారలమ్మ అనే ఉడుత దుంగను వెనక్కి నెట్టబోయింది.

ఒడ్డున పడుకున్న ముసలి తాబేలు పకపకా నవ్వింది. "ఒసేయ్ చారలమ్మా, ఆ తిట్టు నాదే! మీ అమ్మమ్మ ఇలాంటి దుంగే పట్టుకుని కొట్టుకొచ్చినప్పుడు నేనే కనిపెట్టాను. నా పచ్చగడ్డి అంతా మేసేస్తుందని తెగ ఏడ్చాను. అప్పుడిక్కడ జామచెట్టన్నదే లేదు. మీ అమ్మమ్మ బుగ్గన పెట్టుకొచ్చిన గింజలే మీ తోట!"

చారలమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. అంతలో పెద్ద అల లేచి దుంగను తిరగేసింది.

"అయ్యో, పట్టుకోండి!" అంటూ అందరికంటే ముందు చారలమ్మే నీళ్ళలోకి దూకింది. ఉడుతలు తోకలు అందించాయి. ఎలుకలు వాటిని పట్టుకుని బిలబిలమంటూ ఒడ్డెక్కాయి. ఒడ్డంతా ఒకటే కేరింతలు!

కాళ్ళింకా ఆరకముందే ఒక ఎలుక సముద్రం వైపు చూసి ఎగిరి గంతేసింది.

"అదుగో, ఇంకో దుంగ! ఉప్పుకాళ్ళోళ్ళు! దిగనివ్వకండి!"