ఎర్రచార పరిగెలు

“తినేశారు! జిల్లాలో ఇంకెక్కడా మిగలని చేపను పులుసు పెట్టుకుని తినేశారు!”

ఎండిన గెడ్డ వాగు మధ్యలో బూట్లతో నిలబడి శ్యాంసుందర్ అరుస్తున్నాడు. అది 2003 మే నెల. అరుదైన చేపల్ని కాపాడటానికి పట్నం నుంచి వచ్చిన అధికారి ఆయన. ఏనాడూ మోకాలిలోతు నీళ్ళలో దిగి ఎరగడు. కాపాడటానికి నీళ్ళెందుకు, కాగితాలుండగా? ఈసారి ఆయన కాగితాల్లోకి ఎక్కింది ఎర్రచార పరిగె. చిటికెనవేలంత ఉంటుంది. జలంత్రకోట దగ్గరి ఈ గెడ్డే దానికి మిగిలిన చోటు.

“తిననేదు బాబూ,” అంది అసిరమ్మ. గెడ్డ ఒడ్డునే ఆమె జీడితోట. “గెడ్డ ఎండిపోతాదని తెలీదేటి మాకు? మడుగులో నీళ్ళుండగానే పట్టి, కుండల్తో మోసి మా తోట నూతిలో ఇడిసేసినాం. వానలు పడ్డాక మళ్ళీ గెడ్డలో ఇడిసేత్తాం. మా అత్త కాలం నుంచీ ఏటేటా సేత్తన్నదే.”

“తాగే నూతిలో చేపలా! ఛీ, మనుషులేనా మీరు?”

“దోమపిల్లల్ని అయ్యే తినేత్తాయి బాబూ. నీళ్ళు తేటగుంటాయి.”

శ్యాంసుందర్ జీపు డ్రైవరు వైపు తిరిగాడు. “విన్నావా, నాకు పాఠం చెబుతోంది!” డ్రైవరు నవ్వాడు. నవ్వకపోతే ఉద్యోగం ఉండదు మరి.

‘గ్రామస్థుల తిండియావ వల్ల ఈ జాతి అంతరించింది’ అని రాయడానికి ఆయన పెన్ను తీశాడు.

“రాసే ముందు ఒకపాలి సూడండి. రెండొందలుంటాయి. ఈ గెడ్డకి అయ్యే ఇత్తనం బాబూ!” అంటూ అసిరమ్మ తోటవైపు దారి తీసింది.

ఆమె అబద్ధం బయటపెట్టడానికైనా చూడాలనుకుని ఆయన తోటలోకి నడిచాడు. నూతి దగ్గర సర్పంచ్ త్రినాథరావు టీ పళ్ళెంతో వినయంగా నిలబడి ఉన్నాడు.

అసిరమ్మ నూతిలోకి తొంగిచూసి అక్కడే కూలబడింది. శ్యాంసుందర్ కూడా చూశాడు. చేపలున్నాయి. అన్నీ పొట్టలు పైకి తిరగేసి తేలుతున్నాయి.

“ఎవడు చేశాడీ పని? జైల్లో పెట్టిస్తాను! చెప్పండి, ఎవడు?”

తన చేత్తో ఏనాడూ నీళ్ళు తోడుకోని త్రినాథరావు ఆ నూతిలోకి అప్పుడే మొదటిసారి తొంగిచూశాడు. పళ్ళెం కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

“తమరే గదా సార్, నిన్న ఫోన్ సేసి, ‘ఈ పల్లెటూరి నీళ్ళు నేను తాగను, టీకి నీళ్ళు తోడే నూతిలో ముందు రెండింతలు బ్లీచింగ్ వేయించు’ అన్నారు!”