తెలియదన్న సాక్షి

అమెరికా నుంచి వచ్చిన పాత కోర్టు కాగితాల్లో చివరిది చదివి సుధేష్ణ లాప్‌టాప్ పక్కకు నెట్టేసింది. ఐర్లండ్‌లోని గాల్వేలో ఆమె మూడేళ్ల పరిశోధన అంతా థామస్ అనే ఒక్క మనిషి గురించి. మూడు వందల ఏళ్ల కిందట ఐర్లండ్ నుంచి అమెరికాకు ఓడెక్కి వెళ్లి, అక్కడ మగవాడిగా బతికిన పనివాడు. పుట్టుకతో ఆడపిల్ల అని ఊళ్లో పుకారు ఉండేది.

సుధేష్ణతో పాటు అదే ఇంట్లో అద్దెకుండే దేవమణి వృద్ధాశ్రమంలో ముసలాళ్లను చూసుకునే కేరర్. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "ఏమైందమ్మా?" అంది.

"థామస్ ఆరేళ్లు మంచాన పడితే పక్కింటావిడే ఒళ్లు తుడిచింది ఆంటీ. అతను చనిపోయాక మగా, ఆడా అని కోర్టు ఆమెనే అడిగింది. 'నాకేమీ తెలియదు' అందట. ఇంకే ప్రూఫూ లేదు. నా థీసిస్ పోయినట్టే."

"ఆరేళ్లు ఒళ్లు తుడిచినామెకి తెలీకుండా ఎలా ఉంటదమ్మా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

దేవమణి పాదాలు నొక్కుకుంది.

"పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ ముసలాళ్లకి స్నానాలు చేయిస్తన్నాను. నాకూ అలాంటి ఒకళ్ల సంగతి తెలుసు. నేనూ ఎవరికీ చెప్పలేదు."

ఎవరని అడగబోయి, సుధేష్ణ ఆగిపోయింది.