రెండు సంతకాలు

"వాణ్ణి వదులు మొర్లాక్. వాడు నా ఖైదీ."

"నీ ఖైదీ అయితే వాడి మెడకి పట్టీ కట్టాల్సింది."

ఫ్రాన్సులోని లియోన్ పోలీసు భవనం మెట్ల మీద ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు కోస్తాజ్ అనే ఆసామిని చెరో రెక్కా పట్టుకుని లాగుతున్నారు. నెలాఖరుకి కమిషనర్ కుర్చీ ఖాళీ అవుతోంది. ముందు ఏదో ఒక హత్య కేసు తేల్చినవాడికే ఆ కుర్చీ. పై అంతస్తు బెర్తియేకి గడియారాలు బాగుచేసే ముసలాయన కేసు, కింది అంతస్తు మొర్లాక్‌కి గ్రెనోబుల్ బ్యాంకు కాపలావాడి కేసు. రెండిటికీ సాక్షి లేడు, వేలిముద్ర లేదు. ఒకడి ఫైలు ఇంకొకడు చూడకుండా సొరుగులకి తాళాలు. చదువుకున్న మనుషులు మరి.

"పదింటిదాకా పైన, తర్వాత కింద," అన్నాడు ముసలి కానిస్టేబుల్ లెద్రు విసుగ్గా. "పన్నెండింటికి ఎలాగూ జడ్జి ముందు పెట్టాలి."

నడవాలో బల్ల మీద ఆ గడియారాలాయన భార్య రెండు రోజులుగా కూర్చునే ఉంది. "ఎవరు చంపారో తెలిస్తే చాలు బాబూ, వెళ్ళిపోతాను," అంటోంది, అటుగా వచ్చిన ప్రతివాడితోనూ. ఇన్‌స్పెక్టర్లిద్దరూ ఆవిణ్ణి దాటుకుంటూ తిరుగుతున్నారు.

బెర్తియే గదిలోంచి దెబ్బల చప్పుడు వినిపించింది. తర్వాత టైపు మిషన్ చప్పుడు. ఆ తర్వాత సీసా మూత తీసిన చప్పుడు. సంతకం పడితే బోజొలే వైన్ సీసా తెరవడం ఆ భవనంలో ఆచారం. లెద్రు విన్నాడు గానీ మొర్లాక్‌కి చెప్పలేదు. ఆ ఇద్దరిలో ఎవడికీ సాయం చేసే ఉద్దేశం అతనికి లేదు.

పదింటికి మొర్లాక్ వాచిన మొహంతో ఉన్న ఖైదీని కిందికి లాక్కుపోయాడు. కొట్టలేదు, తెలివైనవాడు కదా. హామ్ శాండ్‌విచ్ పెట్టించాడు.

"పైవాడు పశువురా. నాకు ఒప్పుకో, వాడి జోలి ఉండదు. గ్రెనోబుల్‌లో కాపలావాణ్ణి కాల్చింది నువ్వే."

"ఎప్పుడు సార్?"

"నాటకాలా? మార్చి నాలుగు, సాయంత్రం ఏడింటికి."

కోస్తాజ్ నమలడం ఆపాడు. రొట్టె పక్కన పెట్టి కలం అందుకున్నాడు.

"ఏ తుపాకీ అని రాయాలో కూడా మీరే చెప్పండి సార్. సంతకం పెడతాను."

కిందా సీసా తెరిచారు.

పన్నెండింటికి జడ్జి ముందు ఇద్దరూ ఒకేసారి కాగితాలు పెట్టారు, ముందు నావి చూడండంటే నావి చూడండని. జడ్జమ్మ రెండూ చదివింది. మళ్ళీ చదివింది.

"మార్చి నాలుగు సాయంత్రం ఏడింటికి ఇతను లియోన్‌లో సుత్తితో ముసలాయన్ని చంపాడు. అదే ఏడింటికి వంద కిలోమీటర్ల అవతల గ్రెనోబుల్‌లో కాపలావాణ్ణి కాల్చాడు. ఇతనికి రెక్కలున్నాయా?"

ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు లాక్కుని చూశారు.

"ఛీ. కొట్టి ఒకరు, బుజ్జగించి ఒకరు. ఈ రెండు కాగితాలూ చెత్తబుట్టకే. ఇతన్ని వదిలేయండి."

బయట "నువ్వు ముందే చెప్పాల్సింది" అంటే "నువ్వే చెప్పాల్సింది" అని అప్పుడే మొదలెట్టారు, సిగ్గు లేని జన్మలు.

కోస్తాజ్ పెదవి మీద నెత్తురు చూసి ముసలావిడ బల్ల మీంచి లేచింది. తన చేతిరుమాలు వాడి చేతిలో పెట్టింది.

"మా ఆయన పేరు చెప్పి నిన్నిలా కొట్టారా నాయనా. నన్ను క్షమించు."

వాడు తలూపి మూతి తుడుచుకుంటూ మెట్లు దిగాడు. వీధి తలుపు దాకా సాగనంపిన లెద్రు టోపీ తీశాడు.

"నీకు చాలా అన్యాయం జరిగిందయ్యా. లేనిపోనివి చెప్పించారు."

"కిందాయనకి చెప్పినవే లేనిపోనివి," అన్నాడు కోస్తాజ్, రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ. "పైవాడితో మాత్రం అన్నీ నిజాలే చెప్పాను."