తాళం వేశారా?

సర్కారు పెద్ద ప్లీడరు కుర్చీకి ఆయన పేరు పైకి రాగానే ఊళ్లో సగం మంది నవ్వారు, మిగతా సగం తిట్టారు.

తిట్టరూ మరి? ముప్ఫయ్యేళ్లుగా ఆయన ఒడ్డున పడేసింది దొంగలనే. జేబులు కొట్టేవాళ్లు, గోడలు దూకేవాళ్లు ఆయన గుమ్మం తొక్కితే చాలు, కడిగిన ముత్యాల్లా బయటికొచ్చేవారు. 'దొంగల ప్లీడరు' అన్న పేరు ఆయనకి ఇంటిపేరు కన్నా గట్టిగా అతుక్కుపోయింది. ఆ మరక కడుక్కుని రిటైరవ్వాలని ఆయన ఆశ. కంచే చేను మేస్తే ఎలా అని జనం గోల.

గోల పడలేక ప్రభుత్వం ముగ్గురు మాజీ జడ్జీలతో కమిటీ వేసింది. అభ్యంతరాలున్నవాళ్లు వచ్చి చెప్పుకోవచ్చంది.

పొద్దుటినుంచీ ఉపన్యాసాలే. ఎవరి మాటలోనూ సరుకు లేదు. జడ్జీల్లో ఒకాయన కునుకు తీస్తున్నాడు కూడా. అప్పుడు లేచింది ఒకావిడ. నెరిసిన జుట్టు, మందపాటి కళ్లద్దాలు, భుజాన గుడ్డసంచి. ఆవిడను చూడగానే ప్లీడరుగారు తాగబోతున్న నీళ్లగ్లాసు కింద పెట్టేశారు.

"నా కుట్టుమిషను ఎత్తుకుపోయిన దొంగని కళ్లారా చూశానండి," అంది ఆవిడ. "నాకప్పుడు అదే బతుకుతెరువు. కోర్టులో ఈయన నన్ను అడిగింది ఒకటే. ఆ రోజు ఇంటికి తాళం వేశారా అని. వేశానన్నాను. లేదేమో అన్నాను. మళ్లీ వేశానన్నాను. వేసిన తాళమే గుర్తులేని మనిషికి చూసిన మొహం గుర్తుంటుందా అన్నారు. అంతా నవ్వారు. దొంగ దర్జాగా వెళ్లిపోయాడు."

కునుకు తీస్తున్న జడ్జీ నిటారుగా కూర్చున్నాడు. ఇక ఈయన పని అయినట్టేనని వెనక బెంచీలవాళ్లు మోచేతులతో పొడుచుకున్నారు.

ఆవిడను ఏమైనా అడుగుతారా అని అధ్యక్షుడు ప్లీడరుగారి వైపు తిరిగాడు.

"వద్దండి. ఒకసారి అడిగిన పాపానికి ఇవాళ్టికీ అనుభవిస్తున్నాను."

అధ్యక్షుడికి ఆ మాట నచ్చింది. అయితే ఈ కుర్చీ ఆయనకి ఇవ్వొద్దంటారా అని ఆవిడనే అడిగాడు.

"ఇవ్వమంటాను. తీర్పు వచ్చిన వారానికి కొత్త మిషను మోసుకొచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు ఈయన. మొదట తలుపు మొహం మీదే వేశాను. తర్వాత తీశాను. ఇంత నోరున్న మనిషి ఎప్పుడూ దొంగల పక్షమేనా అని నాకు మంట. ఇకనైనా నాలాంటివాళ్ల పక్షాన నిలబడి అడగనివ్వండి."

జడ్జీలు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. నష్టపోయిన మనిషే వద్దనకపోతే మధ్యలో మనకేం నొప్పి అనుకున్నారు. కుర్చీ ఆయనదైంది. అడిగినవాటికి జవాబు చెప్పేశాను కదా అన్నట్టు ఆవిడ సంచి సర్దుకుని బయటికి నడిచింది.

బయట వాన. ప్లీడరుగారు అభినందనలన్నీ గాలికొదిలేసి గబగబా మెట్లు దిగి ఆవిడ నెత్తిన గొడుగు పట్టారు. ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. తర్వాత ఆయన మెల్లిగా అడిగారు:

"ఇంతకీ వచ్చేటప్పుడు మన ఇంటికి తాళం వేశావా?"