కడియం నమ్మిన మాట

తాగుడు మానిన ఆటోవాళ్ళ చేతికి ఇప్పుడు ఆసుపత్రిలో కడియం తొడుగుతున్నారు. పొద్దున్నే ఎవరికో ఒకరికి మనసారా కృతజ్ఞత చెప్పుకుంటేనే దానిమీద పచ్చదీపం వెలుగుతుంది, అప్పుడే ఆటో కదులుతుంది. మొక్కుబడిగా చెబితే ఎర్రదీపమే.

అప్పలకొండ ఆటోలో కూర్చుని సూర్యుడికి, కన్నతల్లికి చెప్పుకున్నాడు. రోజూ చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలవి. దీపం ఎర్రగానే ఉంది.

భార్య నూకరత్నం క్యారేజీ పట్టుకొచ్చింది.

"బేరాలెల్లిపోతన్నాయి మావా. నా పేరు సెప్పెయ్."

"చల్దన్నం ఎట్టినందుకు రత్నానికి దండాలు," అన్నాడు. మళ్ళీ ఎరుపే.

ఆమెకు నవ్వొచ్చింది. "కట్టుకున్నదానికి దండాలేటి? పరాయిదాన్నా?"

అతను నవ్వలేదు. తల వంచుకుని నెమ్మదిగా అన్నాడు: "ఆ రోజు తాగొచ్చి వానలో తలుపు బాదితే నువ్వు తియ్యనేదు సూడు... దానికి. తెల్లారి నా కాళ్ళతో నానే తాగుడు మాన్పించే ఆసుపత్రికెల్లినాను."

కడియం పచ్చగా వెలిగింది.

ఆ రోజు తలుపుకి లోపలివైపు, గడియ పట్టుకుని తను ఏడ్చిన సంగతి నూకరత్నం ఎవరికీ చెప్పలేదు. పాపం చేశాననే ఇన్నాళ్ళూ అనుకుంది.

ఆటో వీధి మలుపు తిరిగిపోయింది. క్యారేజీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.